కొండ మీది నీళ్లు ఎవరివి?

మన బొగ్గు బెల్టులో కరంటు ఎట్ల పుడుతుందో ఎవ్వరినీ అడగాల్సిన పని లేదు. బాయి నుండి బొగ్గు వస్తది, బాయిలరులో మండుతది, ఆవిరి పోయి టర్బైనును తిప్పుతది. రామగుండం ఎన్టీపీసీ పాత ప్లాంటు ఒక్కటే 2600 మెగావాట్లు. జైపూర్‌లో సింగరేణి వారి ప్లాంటు 1200 మెగావాట్లు. చిమ్నీలు ఎటు చూసినా కనబడతయ్ గనుక మనకు ఇది కొత్త పాఠం కాదు.

కానీ ఈ మధ్య మన దగ్గర ఒక కొత్త మాట వినబడుతోంది. అది "పంప్డ్ స్టోరేజీ". బొగ్గు తీయడం అయిపోయిన మేడిపల్లి ఓపెన్ కాస్ట్ గుంతలో 500 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్లాంటు పెట్టాలని సింగరేణి సంస్థ ప్రతిపాదించింది. ఇదే మాట ఆంధ్రప్రదేశ్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి కొండల్లో వినబడ్డప్పుడు అక్కడి ఆదివాసులు "మాకు వద్దు" అన్నారు. మా నీళ్లు పోతాయి అన్నారు.

ఒకటే రకం మిషను. ఒక చోట పాత గుంతను పనికి తెస్తుందని చెబుతుంటే, ఇంకో చోట ఊర్లకు ఊర్లే ఎందుకు ఎదురు తిరిగాయి? వాళ్లకు కరంటు అంటే ఇష్టం లేకనా? అభివృద్ధి అంటే తెలియకనా? అట్ల అనుకుంటే పొరపాటు. వాళ్ల అభ్యంతరం వెనుక ఉన్న లెక్క ఏమిటో, సైన్సు ఏమిటో, చట్టం ఏమిటో ఒక్కొక్కటిగా చూద్దాం.

పంప్డ్ స్టోరేజీ అంటే ఏమిటి?

ఒక గుట్ట మీద ఒక చెరువు, గుట్ట కింద ఒక చెరువు అనుకోండి. రెండింటి మధ్య పెద్ద సొరంగం, అందులో పైపులు. కరంటు ఎక్కువగా దొరికే వేళ కింది చెరువు నీళ్లను పంపులతో పై చెరువుకు ఎక్కిస్తారు. కరంటుకు కొరత వచ్చే వేళ అవే నీళ్లను కిందికి వదులుతారు. నీళ్లు దూకే బలానికి టర్బైను తిరిగి కరంటు పుడుతుంది. మళ్లీ మరునాడు అవే నీళ్లు పైకి. ఎక్కించే పంపు, తిప్పే టర్బైను రెండూ ఒకటే మిషను. ఒక దిక్కు తిరిగితే పంపు, ఇంకో దిక్కు తిరిగితే టర్బైను.

ఇది మన దేశానికి కొత్తది కాదు. నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో ఇట్లా రెండు దిక్కుల తిరిగే మిషన్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. శ్రీశైలం ఎడమగట్టులో అట్లాంటివి ఆరు, ఒక్కొక్కటి 150 మెగావాట్లు. అయితే అవి పెద్ద నది మీద కట్టిన పెద్ద డ్యాముల దగ్గర ఉన్నవి. ఇప్పుడు కొత్తగా వస్తున్నవి చాలామటుకు కొండల మీద, చిన్న చిన్న వాగుల దగ్గర.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. నీళ్లను ఎక్కించడానికి కరంటు ఖర్చు చేసి, దించి మళ్లీ కరంటు తీస్తే లాభమేమిటి? నిజమే. ఇందులో కరంటు మిగలదు, తరుగుతుంది. 100 యూనిట్లు పెట్టి ఎక్కిస్తే దించినప్పుడు 75 నుండి 80 యూనిట్లు మాత్రమే వస్తాయి. గోలివాడ పంపుహౌసు దగ్గర గోదావరి నీళ్లు ఎల్లంపల్లికి ఎక్కించినప్పుడు ఎంత కరంటు కాలిందో మన దిక్కు వాళ్లకు తెలుసు. నీళ్లను ఎక్కించడం ఊరికే కాదు.

మరి ఎందుకు కడుతున్నారు? సూర్యుడి వల్ల. ఎన్టీపీసీ రామగుండం రిజర్వాయరులో నీళ్ల మీద తేలే సోలార్ పలకలు పెట్టి 2022 నాటికి 100 మెగావాట్లు పూర్తి చేశారు. పగలు మంచిగ కరంటు వస్తది. పొద్దు గూకితే ఆగిపోతది. కానీ మనకు లైట్లు, ఫ్యాన్లు ఎక్కువగా కావలసింది పొద్దు గూకినంకనే. పగటి కరంటును రాత్రికి దాచాలంటే ఒక పెద్ద బ్యాటరీ కావాలి. నీళ్ల బ్యాటరీయే ఈ పంప్డ్ స్టోరేజీ. బొగ్గు కాల్చడం తగ్గించాలంటే ఇట్లాంటివి కావాలని ఇంజనీర్లు చెబుతారు. ఆ మాటలో న్యాయం ఉంది. దాన్ని కాదనకుండానే మిగతా సంగతి చూడాలి.

ఎన్ని నీళ్లు కావాలి? మన ఫిజిక్సు పుస్తకంలోని లెక్క

ఎత్తు మీద ఉన్న వస్తువుకు స్థితిజ శక్తి ఉంటుందని చదివినం. ద్రవ్యరాశిని, గురుత్వ త్వరణాన్ని, ఎత్తును గుణిస్తే ఆ శక్తి వస్తుంది.

ఒక ఘనపు మీటరు నీళ్ల బరువు 1000 కిలోలు. ఎత్తు 300 మీటర్లు అనుకుందాం. 1000 × 9.8 × 300 = 29 లక్షల 40 వేల జౌళ్లు. ఒక యూనిట్ కరంటు అంటే 36 లక్షల జౌళ్లు. అంటే వెయ్యి లీటర్ల నీళ్లు 300 మీటర్ల ఎత్తు నుండి దూకితే ఒక్క యూనిట్ కూడా పూర్తిగా రాదు. మిషన్లలో పోయేది తీసేస్తే ముప్పావు యూనిట్ చేతికి వస్తుంది.

ఇప్పుడు 1000 మెగావాట్ల ప్లాంటు ఆరు గంటలు నడవాలనుకుందాం. గంటకు 10 లక్షల యూనిట్లు, ఆరు గంటలకు 60 లక్షల యూనిట్లు. దానికి 80 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు కావాలి. అంటే 800 కోట్ల లీటర్లు. టీఎంసీల్లో చెప్పాలంటే 0.28 టీఎంసీ.

ఎల్లంపల్లి ప్రాజెక్టు 20 టీఎంసీలది. దాని ముందు 0.28 ఎంత? ఏమీ కాదు. గోదావరి లాంటి నదికి అది లెక్కలోకి రాదు. కానీ కొండ మీద పారే ఒర్రెకు అది ఎంతో చూడండి. పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్ల నీళ్లు ఇవ్వాలని సర్కారు లెక్క. 500 మంది ఉన్న ఊరికి రోజుకు 27,500 లీటర్లు, సంవత్సరానికి సుమారు కోటి లీటర్లు. అంటే మన ప్లాంటు ఒక్కసారి నింపే నీళ్లు అట్లాంటి 800 ఊర్లకు ఏడాది పాటు తాగడానికి, వాడుకోవడానికి సరిపోతాయి.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ నీళ్లు రోజూ కొత్తగా తీసుకోరు. ఒకసారి నింపితే అవే కిందికి మీదికి తిరుగుతుంటాయి. ఎండకు ఆవిరైపోయినవి, భూమిలోకి ఇంకిపోయినవి మాత్రం ఏటేటా మళ్లీ నింపాలి. అందుకే కంపెనీల వాళ్లు "మేము నీళ్లు ఖర్చు చెయ్యం, వాడుకొని మళ్లీ వాడుకుంటం" అంటారు. అది అబద్ధం కాదు. కానీ ఆ మొదటి 800 కోట్ల లీటర్లు ఎక్కడి నుండి వస్తాయి? ఎండాకాలంలో మళ్లీ నింపే నీళ్లు ఎవరి వాటాలో నుండి తీస్తారు? వాన తక్కువ పడ్డ ఏడాది ముందుగా నిండేది ఏది, రిజర్వాయరా, పొలమా? అనంతగిరి ఆదివాసులు అడుగుతున్నది దాదాపు ఇదే.

అనంతగిరిలో ఏం జరిగింది?

అనంతగిరి మండలం అంటే బొర్రా గుహలు ఉన్న చోటు. విశాఖపట్నం నుండి అరకు పోయే రైలు ఆ కొండల మీదుగానే పోతుంది. అక్కడ కొండదొర, భగత, కోందు, వాల్మీకి మొదలైన తెగల వాళ్లు ఉంటారు. పోడు, మెట్ల పొలాల్లో వరి, చోళ్లు, సామలు, పసుపు, కాఫీ, మిరియాలు పండిస్తారు. చోళ్లు అంటే మన తైదలే. మనం ఒర్రె అనే దాన్ని అక్కడి వాళ్లు గెడ్డ అంటారు. కొండ పైన ఊట పుడుతుంది, ఊటలు కలిసి గెడ్డ అవుతుంది, గెడ్డకు చిన్న కట్ట వేసి పొలాలకు మళ్లిస్తారు. చాలా ఊర్లకు తాగే నీళ్లు కూడా ఊట నుండి పైపు వేసి దించుకున్నవే. దానికి మోటరు అక్కర లేదు, కరంటు అక్కర లేదు. ఎత్తు నుండి వాటంతట అవే వస్తాయి.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంలోని పెట్టుబడుల ప్రోత్సాహక మండలి అదానీ గ్రీన్ ఎనర్జీ కంపెనీకి రెండు పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు ఆమోదించింది. ఒకటి పెదకోట దగ్గర 1000 మెగావాట్లది, ఇంకొకటి రైవాడ దగ్గర 600 మెగావాట్లది. పెదకోట అనంతగిరి మండలంలోనిదే. ఆ తర్వాత అదే జిల్లాలో గుజ్జెలి, చిట్టంవలస ప్రాంతాల్లో నవయుగ కంపెనీ ప్రాజెక్టుల ప్రతిపాదనలు కూడా వచ్చాయి.

అప్పటి నుండి ఆ కొండల ఊర్లలో సభలు, ర్యాలీలు, ధర్నాలు మొదలైనాయి. గ్రామసభ తీర్మానం లేకుండా సర్వే ఎట్ల చేస్తారని జనం అడిగారు. కేంద్రంలో ఇంధన శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎ.ఎస్. శర్మ గారు కూడా షెడ్యూల్డు ప్రాంతంలో ఈ ప్రాజెక్టులు చట్టాన్ని దాటి పోతున్నాయని ప్రభుత్వాలకు లేఖలు రాశారు. కరంటు శాఖను నడిపిన మనిషే ఆ మాట అన్నారంటే, దీన్ని "అభివృద్ధికి అడ్డం" అని తీసిపారేయడం కుదరదు.

ఈ సంగతి కొండ మీది వాళ్లది మాత్రమే కాదు. శారదా నది పుట్టేది ఆ అనంతగిరి కొండల్లోనే. ఆ నది మీద దేవరాపల్లి దగ్గర రైవాడ రిజర్వాయరు ఉంది. దాని కింద సుమారు 15 వేల ఎకరాలు సాగవుతాయి. విశాఖపట్నం నగరానికి తాగునీళ్లు కూడా అందులో నుండి పోతాయి. రైవాడ నీళ్లు ఇప్పటికే రైతులకు, నగరానికి మధ్య పంచుకోవలసిన నీళ్లు. వాటిలో మూడో వాటాదారు వస్తే ఎట్లా అని కింది మైదానం రైతులు అడుగుతున్నారు. కొండ మీద ఊట తగ్గితే కింద నగరంలో నల్లా కూడా తగ్గుతుంది.

కొండ లోపల నీళ్లు ఎట్ల ఉంటయ్?

ఊట అంటే కొండలో దాచుకున్న వాన. వాన పడ్డప్పుడు అడవి నేల దాన్ని పీల్చుకుంటుంది. చెట్ల వేర్ల వెంట, రాతి పగుళ్ల వెంట నీరు మెల్లగా లోపలికి దిగి, ఎక్కడో ఒక చోట బయటికి వస్తుంది. అందుకే వానలు పోయి నాలుగైదు నెలలైనా కొన్ని ఊటలు ఆగవు. ఆ పగుళ్ల దారులు ఎట్లా ఉన్నాయో పై నుండి చూస్తే కనబడదు.

పంప్డ్ స్టోరేజీకి కొండ లోపల సొరంగాలు తవ్వాలి, మందుగుండుతో పేల్చాలి, మిషన్ల కోసం లోపల పెద్ద హాలు తొలచాలి. అట్లా తవ్వినప్పుడు నీటి దారి తెగితే, ఊట బయట కాకుండా సొరంగంలో దిగుతుంది. ఊరి దగ్గర ఊట ఎండిపోతుంది.

ఇది నమ్మడానికి మనం అనంతగిరి దాకా పోనక్కర లేదు. బొగ్గు బాయిల చుట్టుపక్కల ఊర్ల వాళ్లను అడగండి. అండర్‌గ్రౌండ్ బాయి అయినా, ఓపెన్ కాస్ట్ అయినా లోపలికి ఊరే నీళ్లను రాత్రింబగళ్లు పంపులతో తోడి బయటకు పోస్తారు. తోడకపోతే గని మునుగుతుంది. గని చుట్టూ భూమిలో నీటి మట్టం దిగిపోతే వ్యవసాయ బాయిల్లో కూడా నీళ్లు దిగిపోతాయి. ఎక్కడ లోతుగా తవ్వితే నీళ్లు అక్కడికి పోతాయి. ఇది నీటి స్వభావం. దానికి కంపెనీ పేరుతో పని లేదు.

ఇంకోటి, తవ్విన మట్టి, రాయి. మన ఓబీ కుప్పలు చూస్తూనే ఉన్నం గదా. గట్టి వాన పడితే ఆ మట్టి కొట్టుకొచ్చి ఒర్రెల్లో, పొలాల్లో పడుతుంది. కొండ మీద సొరంగం తవ్విన రాయిని కూడా ఎక్కడో ఒక చోట పోయాలి. కొండ వాలులో పోస్తే అది గెడ్డలోకే వస్తుంది. గెడ్డ పూడితే కింద మెట్ల పొలాలకు నీళ్లుండవు.

ఇవన్నీ తప్పకుండా జరుగుతాయని కాదు. జరగవచ్చు. జాగ్రత్తగా ముందే పరీక్షలు చేస్తే కొన్నింటిని తప్పించవచ్చు. కానీ ఆ కొండలో ఏ ఊట ఏ నెలలో ఎంత పారుతుందో బాగా తెలిసింది అక్కడి మనుషులకే. వాళ్లను అడగకుండా చేసిన లెక్క సగం లెక్కే.

పాత అనుభవాలు ఊరికే పోవు

అనంతగిరి వాళ్ల భయానికి చరిత్ర కూడా ఉంది. ఆ కొండలకు ఆవల ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ జల విద్యుత్ కేంద్రం 1955లో నడవడం మొదలైంది. తర్వాత ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు కేంద్రాలు వచ్చాయి. దిగువ సీలేరు ఒక్కటే 460 మెగావాట్లు. అడవిలో పుట్టిన కరంటు పెద్ద తీగల మీద పట్నాలకు పోయింది. ఆ తీగల కింద ఉన్న గూడేల్లో చాలా ఏండ్లు కిరసనాయిలు బుడ్డీలే వెలిగాయి.

గోదావరి కింది భాగంలో పోలవరం ప్రాజెక్టు ప్లానులో 960 మెగావాట్ల కరంటు కేంద్రం ఉంది. దాని ముంపు కోసం 2014లో ఖమ్మం జిల్లా నుండి ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కోయ, కొండరెడ్డి గూడేలు ఎన్నో ముంపులో పోతున్నాయి.

ఇంకా దగ్గరిది చెప్పాలంటే ఇచ్చంపల్లి. మన గోదావరే కొంచెం కిందికి పోయి, ప్రాణహితను, ఇంద్రావతిని కలుపుకున్నాక వచ్చే చోటు. అక్కడ ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ రాష్ట్రాలు కలిసి కరంటు కోసం పెద్ద డ్యాము కట్టాలనుకున్నాయి. 1980 నాటి గోదావరి ట్రిబ్యునల్ తీర్పులో కూడా దాని మాట ఉంది. గడ్చిరోలి, బస్తరు గోండులు, మాడియాలు మా ఊర్లు, మా అడవి మునుగుతాయని అడ్డుకున్నారు. 1980లలో జరిగిన ఆ ఉద్యమంలో బాబా ఆమ్టే గారు వాళ్ల పక్కన నిలబడ్డారు. ఆ డ్యాము కట్టలేదు. అంటే ఆదివాసులు నీళ్ల గురించి మాట్లాడడం నిన్న మొన్న మొదలైంది కాదు.

చట్టం ఏం చెబుతుంది?

మన గోదావరిఖని షెడ్యూల్డు ప్రాంతం కాదు. కానీ మన హాస్టల్లో ఉన్న వాళ్లలో ఉట్నూరు, తిర్యాణి, ఏటూరునాగారం దిక్కు నుండి వచ్చిన వాళ్లకు తమ ఊరు షెడ్యూల్డు ప్రాంతమని తెలిసి ఉండాలి. అనంతగిరి కూడా అట్లాంటిదే. రాజ్యాంగం ఐదవ షెడ్యూలు కింద ఆ ఊర్లకు వేరే రక్షణలు ఉన్నాయి.

మొదటిది భూమి. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనను 1970లో సవరించారు. దాన్నే అందరూ "వన్ ఆఫ్ సెవెంటీ" అంటారు. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోరాదని దాని అర్థం. 1997 జూలై 11న సుప్రీంకోర్టు "సమత" కేసులో తీర్పు ఇస్తూ, ప్రభుత్వ భూమి అయినా ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వడం ఆ నిబంధనకు విరుద్ధమని చెప్పింది. ఆ కేసు పుట్టింది ఎక్కడనుకుంటున్నారు? ఈ అనంతగిరి మండలంలోనే. అక్కడి కాల్సైట్ గనుల గురించే ఆ తీర్పు. అందుకే అక్కడి వాళ్లు ఈ మాట గట్టిగా అడుగుతారు: గని లీజు చెల్లనప్పుడు కరంటు ప్లాంటుకు భూమి ఎట్లా చెల్లుతుంది?

రెండవది పెసా చట్టం, 1996. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రాజెక్టు కోసం భూమి తీసుకునే ముందు గ్రామసభను గాని, తగిన స్థాయి పంచాయతీని గాని సంప్రదించాలి. చిన్న నీటి వనరుల నిర్వహణ పంచాయతీల చేతిలో ఉండాలని కూడా అందులోనే ఉంది. మన రాష్ట్రాలకు దాని నియమాలు 2011లో వచ్చాయి.

మూడవది 2006 అటవీ హక్కుల చట్టం. నాలుగవది 2013 భూసేకరణ చట్టం. షెడ్యూల్డు ప్రాంతంలో భూసేకరణకు గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలని ఈ నాలుగవది చెబుతుంది.

ఇక్కడ రెండు మాటల తేడా అందరం నేర్చుకోవాలి. "సంప్రదించడం" వేరు, "సమ్మతి తీసుకోవడం" వేరు. సంప్రదించడం అంటే అడగడం. సమ్మతి అంటే ఊరు ఒప్పుకోవడం. ఊర్లో మీటింగు పెట్టి, హాజరు కాగితం మీద సంతకాలు తీసుకొని, తర్వాత దాన్నే ఒప్పుకున్నట్టు చూపిస్తే ఎట్లా? కాగితం పైన ఏం రాసి ఉందో చదివే వాళ్లు ఊర్లో ఉండాలి.

గ్రామసభ మాటకు బలం ఉందా అంటే ఉంది. ఒడిశాలో నియమగిరి కొండ మీద బాక్సైటు తవ్వే విషయం గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. 12 గ్రామసభలు జరిగాయి. డోంగ్రియా కోందులు, తోటి ఊర్ల వాళ్లు పన్నెండింటిలోనూ వద్దన్నారు. గని ఆగింది. అది కరంటు ప్రాజెక్టు కాదు, కానీ అక్కడ కూడా జనం చెప్పిన పెద్ద కారణాల్లో ఒకటి కొండ నుండి వచ్చే నీళ్లే.

సముద్రాల అవతల కూడా ఇదే ప్రశ్న

అమెరికాలో అరిజోనా అనే ఎడారి రాష్ట్రం ఉంది. అక్కడ నవాహో, హోపీ అనే ఆదివాసులు ఉంటారు. వాళ్ల దగ్గర బ్లాక్ మేసా అనే గుట్ట ఉంది. నల్ల గుట్ట అని అర్థం. అందులో బొగ్గు దొరికింది. అంటే వాళ్లది కూడా మన లాంటి బొగ్గు బెల్టే. అక్కడ తీసిన బొగ్గును పొడి చేసి, భూగర్భ జలంలో కలిపి, సుమారు 440 కిలోమీటర్ల పైపులో కరంటు ప్లాంటుకు పంపేవారు. తాగే నీళ్ల పొర నుండే ఆ నీళ్లు తోడారు. 2005లో అది ఆగింది. 2019లో మిగిలిన గని కూడా మూతపడింది.

ఆ తర్వాత అదే గుట్ట మీద ఒక కంపెనీ పంప్డ్ స్టోరేజీ ప్లాంట్లు పెడతానని ముందుకు వచ్చింది. నవాహోలు ఒప్పుకోలేదు. బొగ్గు పేరుతో ఒకసారి నీళ్లు పోయినయ్, ఇప్పుడు మంచి కరంటు పేరుతో మళ్లీ పోవద్దు అన్నది వాళ్ల బాధ. 2024 ఫిబ్రవరిలో అక్కడి కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ నవాహో భూముల మీద అడిగిన ఏడు అనుమతులను తిరస్కరించింది. ఆదివాసుల భూమి మీద వాళ్లు వద్దంటే తొలి అనుమతి ఇవ్వబోమని చెప్పింది. 2025లో ఆ పద్ధతిని మార్చాలని అక్కడి ఇంధన మంత్రి కమిషన్‌ను కోరారు. గెలిచిన హక్కును కూడా కనిపెట్టుకొని ఉండాలని దీన్ని బట్టి తెలుస్తుంది.

మరి మేడిపల్లి సంగతి?

మేడిపల్లి గుంత, అనంతగిరి కొండ ఒకటి కావు. మేడిపల్లిలో భూమి ఎప్పుడో గనికి పోయింది. అక్కడ కొత్తగా నరికే అడవి, కొత్తగా తెగే ఊట తక్కువ. తవ్విన గుంతను ఊరికే వదిలే బదులు పనికి తేవడం మంచి ఆలోచనే కావచ్చు. కాబట్టి పంప్డ్ స్టోరేజీ అంటేనే చెడ్డది అనడం సరి కాదు, ఎక్కడ పెట్టినా మంచిదే అనడమూ సరి కాదు. ఎక్కడ, ఎవరి నీళ్లతో, ఎవరిని అడిగి అన్నది చూడాలి.

అందుకే మేడిపల్లి అయినా, మన గూడెం పక్క గుట్ట అయినా ఈ ఐదు ప్రశ్నలు అడగాలి:

1. మొదటిసారి నింపే నీళ్లు ఎక్కడివి? ఏ నెలలో తీస్తారు?
2. ఎండాకాలం తరిగిన నీళ్లు మళ్లీ ఎవరి వాటా నుండి నింపుతారు?
3. సొరంగం తవ్వక ముందు చుట్టుపక్కల ఊటలు, బాయిలు అన్నీ కొలిచి రాశారా? తర్వాత తగ్గితే బాధ్యత ఎవరిది?
4. తవ్విన మట్టి, రాయి ఎక్కడ పోస్తారు?
5. గ్రామసభ జరిగిందా? కాగితం జనం భాషలో చదివి వినిపించారా? రాసింది సంప్రదించినట్టా, సమ్మతి ఇచ్చినట్టా?

ఈ ప్రశ్నలకు జవాబు ఉన్న ప్రాజెక్టుకు జనం ఎందుకు అడ్డం పడతారు? జవాబు లేని ప్రాజెక్టుకు అడ్డం పడితే తప్పెట్ల అయితది?

మిత్రులారా, మన అమ్మానాన్నలు చాలామంది సంతకం బదులు వేలిముద్ర వేసిన వాళ్లు. సర్వే వాళ్లు వచ్చి గుట్ట మీద రాళ్లు పాతినప్పుడు, పెద్ద కాగితం తెచ్చి ఊరి ముందు పరిచినప్పుడు, "బిడ్డా, ఇందులో ఏమున్నదో చదివి చెప్పు" అని పిలిచేది మననే. హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మనం ఆ కాగితంలో టీఎంసీ అంటే ఎంతో, మెగావాట్ అంటే ఎంతో, సంప్రదింపుకూ సమ్మతికీ తేడా ఎంతో చెప్పలేకపోతే, ఊరికి మన చదువు ఏ విధంగా పనికి వచ్చినట్టు?

ఆలోచించండి. వార్డెన్ సార్లు, టీచర్లు మాకు తెలియనిది ఉంటే దిద్దాలని, ఒక ఆదివారం దీని మీద చర్చ పెట్టించాలని కోరుతున్నాం.

తొమ్మిది, పది తరగతుల వాళ్లకు లెక్క: 500 మెగావాట్ల ప్లాంటు రోజుకు ఐదు గంటలు నడవాలి. ఎత్తు 200 మీటర్లు. ఘనపు మీటరు నీళ్లకు అర యూనిట్ వస్తుందనుకోండి. ఎన్ని ఘనపు మీటర్ల నీళ్లు కావాలి? అవి 500 మంది ఉన్న ఎన్ని ఊర్లకు ఏడాది సరిపోతాయి? జవాబులు లైబ్రరీ దగ్గరి డబ్బాలో వేయండి. సరైన జవాబు వచ్చే సంచికలో రాస్తాం.